మినీ లేత్: ఏది రోగం, ఏది స్వభావం

కడపలోని మా షెడ్డులో మినీ లేత్ మీద, అంటే లోహపు కమ్మీని తిప్పుతూ టూలుతో కోసే చిన్న మిషను మీద, నేను తిప్పిన మొదటి ఇనుప కమ్మీని ఇంకా దాచుకున్నాను. దాని ఒంటినిండా చేప పొలుసుల్లాంటి అలలు. టూలు తగిలిన క్షణం నుంచి మిషను కీచుమని అరిచింది. బల్ల మీదున్న స్పానర్లు కూడా వణికాయి. సెకండ్‌హ్యాండులో కొన్న మిషను కాబట్టి చూసినవాళ్ళంతా ఒకటే మాట చెప్పారు, బేరింగులు పోయాయని. కమ్మీని తిప్పే భాగమున్న పెట్టెను, అంటే హెడ్‌స్టాక్‌ను, విప్పి బేరింగులు మార్చాను. అలలు అలాగే ఉన్నాయి.

ఊళ్ళో పెద్ద లేత్ మీద ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక టర్నరన్నను పిలుచుకొచ్చాను. ఆయన మిషను జోలికి పోకుండా టూలు మొనను బొటనవేలి గోటికి ఆనించి చూశాడు. "అబ్బీ, ఇది గోరునే గీకడంలేదే. ఇనుమునేం కోస్తాది?" అన్నాడు. సాన పట్టిన టూలు పెట్టి, కమ్మీని పట్టుకునే చక్ బయటికున్న పొడవును సగానికి తగ్గించేసరికి అలలు సగం పోయాయి. టూలును మోసుకెళ్ళే క్యారేజ్ అడుగున ఉండే పట్టీలు సరిచేశాక మిగతావీ పోయాయి. నేను తీసేసిన పాత బేరింగులు ఇప్పటికీ చేత్తో తిప్పితే మెత్తగా తిరుగుతాయి.

మినీ లేత్ కొన్నవాళ్ళలో చాలామంది చిక్కుకునేది ఇక్కడే. మిషనులో కొన్ని లోపాలు రోగాలు: ఊగులాట, మొద్దు టూలు, అరిగిన మోటారు బ్రష్‌లు, పళ్ళు ఊడిన గేరు. వీటిని నయం చేయొచ్చు. ఇంకొన్ని దాని స్వభావం: తక్కువ బరువు, సన్నని బెడ్ (భాగాలన్నీ కూర్చునే ఇనుప పీఠం), నెమ్మదిగా తిరిగేటప్పుడు చాలని బలం. వీటిని ఎంత ఖర్చు పెట్టినా మార్చలేం, వాటికి తగ్గట్టు పని చేసుకోవాలి. స్వభావాన్ని రోగమనుకొని డబ్బు పోసేవాళ్ళను చూశాను. అరగంటలో పోయే రోగాన్ని స్వభావమనుకొని ఏళ్ళ తరబడి భరించేవాళ్ళనూ చూశాను. రెండోదే నాకు ఎక్కువ బాధనిపిస్తుంది.

స్టిక్కరు మీది వాట్లు

ముందు కొలతలు చెప్పుకుందాం. రకరకాల పేర్లతో, రంగులతో అమ్ముడయ్యే ఈ మిషన్లలో చాలావాటికి మూలం ఒకటే చైనా డిజైను. బెడ్ మీద 180 మి.మీ. వ్యాసం దాకా తిరుగుతుంది, కమ్మీ రెండు కొసలనూ ఆపే సెంటర్ల మధ్య 300 లేదా 350 మి.మీ. ఉంటుంది. చక్ 80 మి.మీ., చక్‌ను తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్, రంధ్రం 20 మి.మీ., మొత్తం బరువు 40 కిలోలకు అటూ ఇటూ. మన ఊళ్ళ లేత్ వర్క్‌షాపుల్లో కనబడే ఆరడుగుల మిషను అర టన్నుకు పైనే తూగుతుంది.

180 మి.మీ. అన్న అంకె చాలామందిని మోసం చేస్తుంది. అది బెడ్‌కు తగలకుండా తిరిగే కొలత మాత్రమే. టూలును అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ పైన దాదాపు 110 మి.మీ. మించి పట్టదు. ఆ 110నైనా కోయగలదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కావాలంటే చిన్న లెక్క వేయాలి.

మెత్తటి ఇనుమును, అంటే మనం ఎం.ఎస్. అనేదాన్ని, కోయడానికి ఒక చదరపు మిల్లీమీటరు కోతకు సుమారు 250 కిలోల బలం కావాలి. కట్టు, అంటే ఒకసారి కోసే కోత, 1 మి.మీ. లోతు, ఫీడు, అంటే చుట్టుకు టూలు జరిగే దూరం, 0.1 మి.మీ. అనుకుందాం. కోసే విస్తీర్ణం 0.1 చదరపు మి.మీ., టూలు మొన మీద పడే బలం 25 కిలోలు. అంటే ఆ చిన్న మొన మీద ఒక బియ్యం బస్తా కూర్చున్నట్టు. హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీలు) టూలుతో ఎం.ఎస్.ను నిమిషానికి 25 మీటర్ల అంచు వేగంతో కోస్తాం కాబట్టి ఈ పనికి సుమారు 104 వాట్లు చాలు. మోటారు మీద 350 వాట్లని రాసుంది. మూడు రెట్లు మిగులున్నట్టు కనిపిస్తుంది కదా?

కానీ ఆ 350 వాట్లు మోటారు పూర్తి వేగంతో తిరిగేటప్పుడు ఇచ్చేవి. ఇది డీసీ మోటారు. నాబ్ తిప్పి వేగం తగ్గిస్తే తిప్పే బలం దాదాపు అంతే ఉంటుంది, పవరు మాత్రం వేగంతోపాటే పడిపోతుంది. సగం వేగంలో సగం పవరు, పదో వంతు వేగంలో పదో వంతు.

ఇప్పుడు 20 మి.మీ. కమ్మీ తీసుకోండి. నిమిషానికి 25 మీటర్లంటే అది 400 చుట్లు తిరగాలి. లో గేరులో మిషను గరిష్ఠ వేగం 1,100 చుట్లు. 400 దగ్గర అందే పవరు సుమారు 127 వాట్లు. కావలసింది 104. గేర్లలో, బేరింగుల్లో పోయేది పోగా అంచున సరిపోతుంది. అదే కమ్మీని అదే 400 చుట్లతో హై గేరులో తిప్పి చూడండి. అక్కడ గరిష్ఠ వేగం 2,500, కాబట్టి అందేది 56 వాట్లే. మోటారు ఆగిపోతుంది. మిషనుకు రోగమేమీ లేదు, లివరు ఉన్న చోటు తప్పు.

ఇక 80 మి.మీ. పళ్ళెం. అదే 25 మీటర్లకు 100 చుట్లు చాలు. లో గేరులో 100 చుట్ల దగ్గర అందేది 32 వాట్లు. కావలసింది మాత్రం మళ్ళీ 104. 350 వాట్ల మోటారు 104 వాట్ల పనికి చేతులెత్తేయడం చూసి "మోటారు వీకైంది" అని రీవైండింగ్ షాపుకు మోసుకెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. మోటారు బాగానే ఉంది. పెద్ద వ్యాసం పెట్టి మనమే దాన్ని బలం లేని మూలకు నెట్టాం. కట్టు లోతు పావుకు తగ్గిస్తే అదే పళ్ళెం నడుస్తుంది, ఓపిక కావాలి.

దీనికి ఎండ తోడవుతుంది. మోటార్ల రేటింగు మామూలుగా 40 డిగ్రీల చుట్టుపక్కల వేడిని లెక్కలోకి తీసుకొని రాస్తారు. మే నెల మధ్యాహ్నం మన రేకుల షెడ్డులో అంతకంటే ఎక్కువే ఉంటుంది. పైగా మోటారును చల్లబరిచే ఫ్యాను దాని ఇరుసుకే ఉంటుంది. నెమ్మదిగా తిప్పుతూ బరువైన కట్టు పెట్టామంటే కరెంటు ఎక్కువ లాగుతుంది, గాలి తక్కువ వీస్తుంది, రెండూ ఒకేసారి. ఎండాకాలంలో బరువు పనులు నేను తెల్లవారుజామున పెట్టుకుంటాను.

ఊగులాట ఎక్కడుంది?

కీచుమనే వణుకును టర్నర్లు చాటర్ అంటారు. అది ఎలా పుడుతుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. టూలు ఒకసారి కొద్దిగా వణికిందంటే కమ్మీ మీద చిన్న అల మిగులుతుంది. తర్వాతి చుట్టులో టూలు ఆ అల మీదే నడవాలి. ఎత్తు దగ్గర ఎక్కువ లోహం, పల్లం దగ్గర తక్కువ. బలం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి టూలు మళ్ళీ వణుకుతుంది, కొత్త అల పడుతుంది. మిషను తన వణుకును తానే పెంచుకుంటుందన్నమాట. అందుకే వేగం మారిస్తే, ముఖ్యంగా తగ్గిస్తే, చాటర్ తరచుగా ఆగుతుంది. కొత్తవాళ్ళు నమ్మని సంగతి ఒకటుంది. చాటర్ వచ్చినప్పుడు ఫీడు పెంచితే కూడా ఆగొచ్చు. మరీ సన్నని ఫీడుతో టూలు కోయడం మానేసి రుద్దుతుంది, ఆ రుద్దుడే వణుకుకు మేత.

వెతకడం చవకైన చోటు నుంచి మొదలుపెట్టాలి. మొదట టూలు. కొన్నప్పుడు వచ్చే కార్బైడ్ టిప్పుల అంచు కావాలనే కొంచెం మొద్దుగా ఉంచుతారు, పెద్ద మిషన్ల బలానికి అంచు రాలకుండా. మన 40 కిలోల మిషనుకు ఆ ఒత్తిడి ఇచ్చే శక్తి లేదు. చేత్తో సాన పట్టిన హెచ్.ఎస్.ఎస్. టూలు గానీ, అల్యూమినియం కోసం చేసే పదునైన మెరుపు టిప్పు గానీ పెట్టి చూడండి, మిషను మారిపోయినట్టనిపిస్తుంది. టూలు మొన సెంటరు ఎత్తులో ఉందో లేదో చూడటానికి పాత పద్ధతి చాలు: కమ్మీకీ మొనకీ మధ్య సన్నని స్టీలు స్కేలు మెల్లగా నొక్కి పట్టాలి. స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. పైకొస మీ వైపు వాలితే మొన కిందున్నట్టు, అవతలికి వాలితే పైనున్నట్టు. ఎత్తు సరిచేయడానికి కూల్‌డ్రింకు డబ్బా రేకు టూలు కింద వేయడానికి మంచి షిమ్, దాదాపు 0.1 మి.మీ. మందం.

రెండోది కమ్మీ పొడవు. చక్ బయటికి 60 మి.మీ. పొడుచుకొచ్చిన 10 మి.మీ. ఉక్కు కమ్మీ కొసను 10 కిలోల బలంతో నెడితే అది 0.07 మి.మీ. వంగుతుంది. వ్యాసంలో 0.14 తేడా. పొడవు 30కి తగ్గిస్తే వంపు 0.009 మాత్రమే. సగం పొడవుకు ఎనిమిదో వంతు వంపు. దీనికీ మిషనుకూ సంబంధమే లేదు, ఉక్కు గుణమే అంత. కొస లావుగా వచ్చిందని హెడ్‌స్టాక్ వంకరని తీర్మానించే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోవాలి. వ్యాసానికి మూడు నాలుగు రెట్లకు మించి కమ్మీ బయటికుంటే అవతలి కొసను ఆపే టెయిల్‌స్టాక్ సెంటరు ఆనించాల్సిందే.

మూడోది స్లైడ్లు. క్రాస్ స్లైడ్, కాంపౌండ్ స్లైడ్‌లలో గిబ్ అనే సన్నని పట్టీ ఉంటుంది, పక్కనున్న స్క్రూలతో దాన్ని బిగిస్తాం. చేతి చక్రం కొంచెం బరువుగా, ఎక్కడా పట్టేయకుండా తిరిగేదాకా బిగించాలి. ఇది అందరూ చేస్తారు. చాలామంది చూడనిది క్యారేజ్ అడుగు. బెడ్ కిందుగా క్యారేజ్‌ను పట్టుకొని రెండు పట్టీలుంటాయి, వాటికి కొన్ని లాగే స్క్రూలు, కొన్ని నెట్టే స్క్రూలు. కట్టు మధ్యలో క్యారేజ్ పైకి లేవకుండా ఆపేవి ఇవే. చిన్న కదలికలను కొలిచే డయల్ గేజి ముల్లును క్యారేజ్ మీద ఆనించి, చేతి చక్రం పట్టుకొని పైకి ఎత్తి చూడండి. నా మిషనులో ముల్లు 0.2 మి.మీ. కదిలింది. పట్టీలు విప్పి, గాజు మీద పరిచిన ఎమరీ పేపరు మీద చదును చేసి, రేకు ముక్కలు వేసి 0.02కు తెచ్చాను. ఒక ఆదివారం పట్టింది. ఆ మిషనుకు నేను చేసిన పనులన్నిటిలో ఇదే ఎక్కువ ఫలితమిచ్చింది.

క్రాస్ స్లైడ్ చక్రాన్ని వెనక్కి తిప్పినప్పుడు కొంతదూరం ఖాళీగా తిరుగుతుంది. అది స్క్రూకూ నట్టుకూ మధ్య ఉన్న ఖాళీ, చాటర్‌కు కారణం అరుదు. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి కొలతకు రావడం అలవాటు చేసుకుంటే చాలు.

చివరగా బేరింగులు. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతాయి. చక్‌లో పట్టిన కమ్మీ మీద డయల్ పెట్టి తిప్పితే ముల్లు 0.05 నుంచి 0.1 దాకా ఊగుతుంది. అది మూడు దవడల చక్ స్వభావం. అదే పట్టులో తిప్పి కోసిన కమ్మీ గుండ్రంగానే వస్తుంది, తీసి మళ్ళీ పడితేనే తప్పుతుంది. బేరింగు సంగతి తెలియాలంటే మిషను ఆపి, స్పిండిల్ మీద డయల్ పెట్టి, చక్ కింద కర్రతో మెల్లగా ఎత్తాలి. ముల్లు 0.03 మించి కదిలితే అప్పుడు అనుమానించాలి. వీటిలో వచ్చేవి మామూలుగా 6206 బాల్ బేరింగులు, 30 మి.మీ. లోపలి వ్యాసం, 62 బయటిది, 16 వెడల్పు. వాటి బదులు 30206 టేపర్ రోలర్ వేస్తే నిజంగానే గట్టిదనం పెరుగుతుంది. కానీ వెడల్పు 17.25, అంటే ఒక్కొక్కటి 1.25 మి.మీ. ఎక్కువ. లోపలి స్పేసర్లు అంత మేర తగ్గించాలి. స్పిండిల్ నట్టు బిగింపు సరిగ్గా కుదిరిందో లేదో చెయ్యే చెబుతుంది: ఇరవై నిమిషాలు తిప్పాక హెడ్‌స్టాక్ గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి పెట్టలేనంత కాలితే నట్టు కొంచెం వదలాలి. పైవన్నీ అయ్యాకే ఈ పని పెట్టుకోండి.

కడప బండ మీద

సన్నని బెడ్‌ను ఎగుడుదిగుడు బల్ల మీద బిగిస్తే అది తువ్వాలు పిండినట్టు మెలిపడుతుంది. మిషనుతో వచ్చే రబ్బరు కాళ్ళ మీద ఉంచితే మెలిపడదు గానీ ఊగుతుంది. నేను రబ్బరు కాళ్ళు తీసేసి, మన ఊరి నల్ల బండ తెచ్చి దాని మీద కూర్చోబెట్టాను. మీటరు పొడవు, 40 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. మందమున్న బండ సుమారు 43 కిలోలు తూగుతుంది, అంటే మిషనంత బరువు ఇంకొకటి కింద చేరినట్టు. పాలిష్ పట్టిన బండైనా మిషనుకు కావలసినంత చదునని నమ్మకూడదు. నాలుగు బోల్టులూ బిగించే ముందు ఏ కాలు కింద సందుందో చూసి రేకు వేయాలి.

ఆ తర్వాత పరీక్ష. 25 మి.మీ. కమ్మీని 100 మి.మీ. బయటికి పట్టి, నడుమ భాగాన్ని కొంచెం సన్నగా కోసి, రెండు కొసల్లో రెండు కాలర్లు, అంటే లావు పట్టీలు, మిగల్చాలి. పదునైన టూలుతో 0.05 మి.మీ. కట్టు రెండు కాలర్ల మీదా ఒకే సెట్టింగులో పోనిచ్చి మైక్రోమీటరుతో కొలవాలి. బయటి కొస లావుగా ఉంటే, టెయిల్‌స్టాక్ వైపు ముందుకాలు కింద సన్నని రేకు వేసి మళ్ళీ కోసి చూడాలి. సన్నగా ఉంటే వెనకకాలు కింద. కాగితం మందం మార్పు కూడా కొలతలో కనబడుతుంది.

కరెంటు వైపు

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాకే ముందుకు పోతాను. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చి మోటారును నడిపే బోర్డుల్లోని కెపాసిటర్లు 325 వోల్టుల దాకా పట్టి ఉంచగలవు. ప్లగ్ పీకినా అది వెంటనే పోదు. బోర్డు ఏ భాగం ముట్టుకున్నా నేరుగా లైను ముట్టుకున్నట్టే. ప్లగ్ పీకి, కాసేపాగి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి. ఈ పని అలవాటు లేనివాళ్ళు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోవడం మంచిది.

మిషను అసలు తిరగకపోతే మొదట చూడాల్సింది నాబ్. చాలా మిషన్లు నాబ్‌ను సున్నాకు తెచ్చి మళ్ళీ తిప్పితేనే మొదలవుతాయి. తర్వాత చక్ గార్డు స్విచ్చి, ఫ్యూజు, మోటారు కార్బన్ బ్రష్‌లు. ఆగి ఆగి తిరగడం, చేత్తో కదిలిస్తే తిరగడం బ్రష్‌లు అరిగిన గుర్తు. బోర్డు పోయిందా మోటారు పోయిందా తేలకపోతే, మోటారు వైర్లు తీసి వాటి స్థానంలో 100 వాట్ల పాతకాలపు బల్బు పెట్టి చూస్తాం. నాబ్‌తోపాటు వెలుగు పెరిగితే బోర్డు బాగున్నట్టే.

ఫ్యూజు ఎగిరితే ఎందుకు ఎగిరిందో తెలియకుండా ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయకూడదు. నేనొకసారి ఆ తప్పు చేశాను, బోర్డు కాలిపోయింది. అసలు కారణం కరెంటు పెట్టెలోకి రాలిన ఇనుప రజను. ఇప్పుడు ఆ పెట్టె సందులన్నీ మూసి ఉంచుతాను, మిషను దగ్గర ఎయిర్ గన్ వాడను, బ్రష్‌తోనే ఊడుస్తాను.

ప్లాస్టిక్ గేర్ల గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. హెడ్‌స్టాక్‌లోని ప్లాస్టిక్ గేరు పళ్ళు ఊడగానే ఇనుప గేర్లు వేయమంటారు. టూలు కమ్మీలోకి దిగబడిపోయినప్పుడు ఎక్కడో ఒకచోట తెగాలి. ప్లాస్టిక్ గేరు తెగితే అక్కడితో పోతుంది. అది తెగకపోతే ఆ దెబ్బ గేరును ఇరుసుకు పట్టి ఉంచే కీ మీదో మోటారు మీదో బోర్డు మీదో పడుతుంది. ఒక గేరు స్పేరులో కొని పెట్టుకొని ప్లాస్టిక్‌తోనే ఉండమంటాను.

వంగే మిషనుతో కొలత పట్టడం

అన్నీ సరిచేశాక కూడా మినీ లేత్ వంగుతుంది. చేతి చక్రం డయల్ మీద 0.10 తిప్పితే లోహంలోకి 0.08 వెళ్ళొచ్చు. చక్రం తిప్పకుండా మళ్ళీ పోనిస్తే ఇంకొంచెం తెగుతుంది. బేరింగు కూర్చునే చోటు లాంటి పనిలో నూరో వంతు మిల్లీమీటరు లెక్కకొస్తుంది కాబట్టి ఇది కష్టమైన సంగతి. మామూలుగా అందరూ చేసేది చివరికి అతి సన్నని కట్టు మిగల్చడం. వంగే మిషను మీద అదే పనిని చెడగొడుతుంది. సన్నని కట్టులో టూలు జారి రుద్దుతుంది, ఎంత తెగుతుందో చెప్పలేం.

టర్నరన్న నాకు నేర్పింది వేరు. ఇంకా వ్యాసంలో 0.6 మి.మీ. తగ్గాలనుకోండి. దాన్ని మూడు సమాన కట్లుగా విడగొట్టాలి, ఒక్కోటి వ్యాసంలో 0.2, అంటే డయల్ మీద 0.1. మొదటిది కోసి కొలవాలి. రెండోది కోసి కొలవాలి. రెండో కట్టు నిజంగా ఎంత తీసిందో ఇప్పుడు తెలుసు. మూడోదానికి అదే టూలు, అదే వేగం, అదే ఫీడు, దాదాపు అదే లోతు. కాబట్టి వంపు కూడా అంతే ఉంటుంది. తేడా ఎంతుందో అంత మాత్రమే చక్రంలో సర్ది మూడోది పోనిస్తే కొలత కూర్చుంటుంది. 6202 బేరింగు కోసం 15 మి.మీ. సీటు నేను ఇలాగే పడతాను.

కట్ ఆఫ్ పని, అంటే తిరిగే కమ్మీని అడ్డంగా ముక్క తెంచడం, ఈ మిషనుకు అన్నిటికంటే కష్టం. బ్లేడు 2 మి.మీ.కు మించకూడదు, చక్‌కు ఆనుకొని కోయాలి, క్యారేజ్‌ను లాక్ చేయాలి, నూనె ఆపకూడదు, ఫీడును భయపడి ఆపకూడదు. 20 మి.మీ. దాటిన ఎం.ఎస్.ను నేను హ్యాక్‌సాతో కోసి, మొహం మాత్రం లేత్ మీద చదును చేస్తాను. చిన్న మిషనే కదా అని మెడలో తువ్వాలుతో, చేతులకు గ్లౌజులతో నిలబడేవాళ్ళను చూస్తే భయమేస్తుంది. చేతిని లోపలికి లాక్కోవడానికి ఈ మోటారు బలం చాలు.

ట్రాక్టరు హబ్బులు, బోరు పంపు షాఫ్టులు, 60 మి.మీ. దాటిన ఎం.ఎస్. పనులు టర్నరన్న దగ్గరికే పంపిస్తాను. ఆయన దగ్గర నుంచి మిక్సీ జార్ బుష్‌లు, స్ప్రేయర్ నాజిళ్ళు, 4 మి.మీ. ఇత్తడి పిన్నులు నా దగ్గరికొస్తాయి. ఇత్తడిని నిమిషానికి 60 మీటర్లతో కోయాలంటే 4 మి.మీ. పిన్ను 4,775 చుట్లు తిరగాలి. నా మిషను 2,500 దాకా పోతుంది. ఆయన పెద్ద మిషను అందులో సగం కూడా తిరగదు.